నది ఒడ్డునే ఉంది, నది నీళ్లు ముట్టదు

సనత్‌నగర్, ఎర్రగడ్డ, అమీర్‌పేట, పంజగుట్ట సందుల్లో పిండి గిర్నీలు ఇంకా కనిపిస్తాయి. బెల్టు తిరిగే చప్పుడు, గోడలకు పట్టిన తెల్లటి దుమ్ము, వరుసలో పెట్టిన డబ్బాలు, సంచులు. జొన్నలో గోధుమలో గరాటులో పోస్తే కాసేపట్లో వెచ్చటి పిండి చేతికొస్తుంది. ఈ గిర్నీలకు కొద్ది దూరంలోనే కూకట్‌పల్లి నాలా బాలానగర్ వైపు నుంచి ఫతేనగర్, బేగంపేటల మీదుగా హుస్సేన్‌సాగర్‌కు పోతుంది. ఇప్పుడది మురుగు కాలువ, ఒకప్పుడు వాన నీటి వాగు. బంజారా నాలా, బల్కాపూర్ నాలా కూడా ఆ చెరువులోకే దిగుతాయి. ఇన్ని వాగులు, అంత చెరువు ఉన్న చోట నీటితో తిరిగే మర మామూలు దృశ్యం ఎందుకు కాలేదు? ఐరోపాలో ఏ ఏటి ఒడ్డుకు వెళ్లినా పాతబడిన నీటి మర ఒకటి ఎదురవుతుంది. 1086లో ఇంగ్లండ్ రాజు తయారు చేయించిన భూముల చిట్టాలోనే సుమారు ఆరు వేల మరలు లెక్కకొచ్చాయి. తెలుగు నేల మీద అలాంటి చిట్టా ఎవరైనా వేసి ఉంటే ఆ గడి దాదాపు ఖాళీగానే మిగిలేది. ఆ ఖాళీకి కారణం వెతకాలంటే, పాత హైదరాబాద్ రాజ్యంలోనే ఉండి అందరికీ తెలిసిన ఒక నీటి మర దగ్గరికి వెళ్లాలి.

అది ఔరంగాబాద్‌లోని పన్‌చక్కీ. ఆ ఊరి పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్, ఉన్నది మహారాష్ట్రలో. కానీ 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని జిల్లా కేంద్రం. అంతకంటే వెనక్కి వెళితే, నిజాం అలీ ఖాన్ 1763లో రాజధానిని హైదరాబాద్‌కు మార్చేదాకా ఆసఫ్ జాహీల కొలువు అక్కడే. బుఖారా ప్రాంతం నుంచి దక్కనుకు వచ్చిన నక్ష్‌బందీ సూఫీ బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో ఈ మర ఉంది. 18వ శతాబ్దం మొదటి సగంలో మొదటి నిజాం నిజాముల్ ముల్క్ దగ్గర పనిచేసిన తుర్క్‌తాజ్ ఖాన్ అనే సర్దారు దీన్ని కట్టించాడని చెబుతారు. దర్గాలో ఉండే ఫకీర్లకు, వచ్చిపోయే యాత్రికులకు, దారిన పోయే సిపాయిలకు రొట్టెల పిండి ఇక్కడే ఆడేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. పాత రాళ్లను యాత్రికులు చూసి వెళతారు. ఈ మర ఖామ్ నది ఒడ్డునే ఉన్నా తిరగడానికి ఆ నది నీటిని వాడుకోలేదు. కొన్ని మైళ్ల దూరంలోని కొండల్లో ఒక ఊట దగ్గర పట్టిన నీరు, నేల కింద పరిచిన మట్టి గొట్టాల గుండా దర్గా దాకా వచ్చి, ఎత్తైన గోడ మీద నుంచి కింది తొట్టిలోకి దూకుతుంది. నది పక్కనే పెట్టుకుని కొండ నుంచి నీళ్లు తెచ్చుకోవడం మొదటి చూపుకు వింతగా ఉంటుంది. లెక్క వేసి చూస్తే మాత్రం మన నదుల గుణం, మన నీటి విలువ ఆ గొట్టంలోనే తెలుస్తాయి.

ఆ మర పని చేసే తీరు చాలా సులువు. సినిమాల్లో కనిపించే నిలువు చక్రం ఇక్కడ లేదు. కింద నీటిలో ఒక చక్రం నేలకు సమంగా పడుకుని ఉంటుంది. దాని రెక్కలను నీటి ధార కొడుతుంది. చక్రం మధ్యలో నిలబడిన ఇరుసు పై గదిలోకి లేచి, కింది రాయి కంతలోంచి దూరి, పై రాయిని పట్టుకుంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయీ ఒక చుట్టు తిరుగుతుంది, మధ్యలో పళ్ల చక్రాలేమీ ఉండవు. మన తిరగలికి పిడి బదులు కింద నుంచి ఒక ఇరుసు తగిలించారనుకుంటే సరిపోతుంది. బలం ఎంత వస్తుందో కూడా సులువుగా అంచనా వేయవచ్చు. సెకనుకు 20 లీటర్ల నీరు 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే, ఆ పడే నీటిలో ఉన్న శక్తి సుమారు 1 కిలోవాట్. పాతకాలపు చక్రం అందులో సగం పోగొట్టుకుంటుందనుకున్నా 500 వాట్లు మిగులుతాయి. ఆగకుండా గంటల తరబడి పని చేసే మనిషి ఒంటి బలం 75 వాట్లకు మించదు. అంటే ఒక మోస్తరు నీటి ధార ఆరేడుగురు మనుషుల పని చేస్తుంది, రాత్రీ పగలూ చేస్తుంది, అలసట అడగదు. ఈ లెక్కలో నీరు ఎంత ముఖ్యమో ఎత్తు అంతే ముఖ్యం. మర నీటిని తాగదు, తిరిగి వదిలేస్తుంది. అది తినేది నీటి ఎత్తును.

తెలుగు నేల మీద నీటి మరలు ఎందుకు లేవని అడిగితే తరచూ వినిపించే జవాబు, మనవాళ్లకు ఆ విద్య తెలియదని. సాక్ష్యం ఈ మాటను నిలవనివ్వదు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టినప్పుడు అంత లోతు నీటిని తూము ద్వారా కొలిచి వదలడం తెలిసే కట్టారు. ఆ తూము కంటే నీటి మర కష్టమైన నిర్మాణం కాదు. గోల్కొండ కోటలో నీటిని అంచెలంచెలుగా పైకి చేర్చి మట్టి గొట్టాల్లో పంచిన ఏర్పాటు జాడలు ఈనాటికీ గోడల్లో కనిపిస్తాయి. 1562 ప్రాంతంలో ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో హుస్సేన్‌సాగర్ కట్టినప్పుడు మూసీ నుంచి కాలువ తవ్వి చెరువు నింపారు. రాతిని గుండ్రంగా చెక్కి గంట్లు పెట్టే పనివాళ్లు ప్రతి ఊరికీ తెలిసినవాళ్లే. చివరికి పన్‌చక్కీ కూడా ఇదే రాజ్యంలో, ఇదే పాలకుల కింద రెండు వందల ఏళ్లకు పైగా ఉంది. తెలిసినా చేయలేదంటే, చేయకపోవడానికి ఏదో లెక్క ఉండి ఉండాలి. నా వాదం ఇది: నీటి మర రావాలా వద్దా అన్నది రెండు ధరల మధ్య పోటీ, ఒకటి నీటి ఎత్తుకు ధర, రెండోది మనిషి చేతికి ధర. తెలుగు నేల మీద మొదటిది చాలా ఎక్కువ, రెండోది లెక్కలోకే రాలేదు.

ముందు ఎత్తు సంగతి. బావి దగ్గర మోట తోలే రైతును తలుచుకుంటే ఈ ధర కళ్లకు కడుతుంది. రెండు ఎద్దులు, ఒక మనిషి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా వాలు మీద ఎక్కుతూ దిగుతూ చేసేదంతా నీటిని కొన్ని మీటర్లు పైకి తేవడమే. ఏతం ఎక్కి తొక్కేవాడు చేసేదీ అదే. నీటికి నాలుగు మీటర్ల ఎత్తు సంపాదించడానికి ఎద్దులను అరగదీసుకునే సమాజం, చెరువులో ఊరికే దొరికిన నాలుగు మీటర్ల ఎత్తును రాయి తిప్పడానికి పారబోస్తుందా? చెరువు కట్ట కింద ఆయకట్టు చూడండి. తూము వదిలిన చోటి నుంచి నీరు ఎంత ఎత్తున నడిస్తే అంత ఎక్కువ పొలానికి అందుతుంది. తూము మొదట్లోనే మర పెట్టి నీటిని కిందికి దింపేస్తే, ఆ ఎత్తుకూ మర కింది మట్టానికీ మధ్య ఉన్న మడులన్నీ ఎండిపోతాయి. మర నీటిని తాగదు కదా, తిప్పాక పొలానికే వదిలేయవచ్చు కదా అని అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ జవాబు ఆ ఎత్తులోనే ఉంది. మర దాటిన నీరు పొలానికే పోతుంది, అయితే కింది పొలానికి మాత్రమే. పైగా వంతుల ప్రకారం నీరటికాడు తూము తెరిచి మూసే చెరువులో, రాత్రీ పగలూ ధార వదలడానికి ఏ ఊరు ఒప్పుకుంటుంది? వానాకాలం పంటకు నీరు వదిలే నెలల్లో మర తిరిగినా, కోతల తర్వాత కొత్త జొన్నలు ఇంటికి చేరి పిండి అవసరం పెరిగేనాటికి చెరువు అడుగుకు చేరుకుంటుంది.

చెరువు సంగతి సరే, నదుల మాటేమిటి? హిమాలయాల నదులకు వేసవిలో మంచు కరిగి నీరొస్తుంది. దక్కను నదులకు ఆకాశమే దిక్కు. మూసీ ఏడాదిలో చాలా నెలలు ఇసుక మధ్య పాయగా సాగుతుంది, ఒక్కోసారి ఊరినే ముంచుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో వేలాది మంది పోయారు, వంతెనలు, పేటలు కొట్టుకుపోయాయి. ఎనిమిది నెలలు నీరు చాలక ఆగిపోయి, వరద వస్తే కొట్టుకుపోయే చోట రాయీ ఇరుసూ ఎవరు పెడతారు? ఖామ్ ఒడ్డున ఉండీ పన్‌చక్కీ కొండ ఊటనే నమ్ముకోవడంలోని తెలివి ఇదే. దక్కనులో నికరంగా వచ్చే సన్నని ధార, వచ్చి పోయే పెద్ద ప్రవాహం కంటే విలువైనది. ఇక గోదావరి, కృష్ణా డెల్టాల మాట. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఏడాదిలో ఎక్కువ నెలలు పారే కాలువలు వచ్చాయి, పడవలు దిగడానికి లాకులు వచ్చాయి. నికరమైన నీరు దొరికింది, ఎత్తు మాత్రం దొరకలేదు. డెల్టా నేల చాప పరిచినట్టు ఉంటుంది, అక్కడ ప్రతి అడుగు పల్లానికీ ఒక పొలం కాచుకుని ఉంటుంది. అందుకే అక్కడ యంత్రాల కాలం వచ్చినప్పుడు వడ్ల మిల్లులు కాలువ ఒడ్డునే లేచినా, కాలువను రవాణాకు వాడుకుని, ఊక మండించి ఆవిరితోనో ఆయిల్ ఇంజనుతోనో నడిచాయి.

ఇప్పుడు రెండో ధర, చేతికి. ఇంట్లో తిరగలి, తెలంగాణలో ఇసుర్రాయి. జొన్న పిండి, సజ్జ పిండి నిలవ ఉండేవి కావు. సజ్జ పిండి నాలుగు రోజులకే చేదెక్కుతుంది. కాబట్టి ఏ రోజు పిండి ఆ రోజే, పొద్దు పొడవక ముందే ఆడవాళ్లు విసరాలి. వరి తినే చోట విసరడం తగ్గినా వడ్లు దంచడం ఉంది, రోలూ రోకలీ ఉన్నాయి. ఈ పనికి ఎంత సమయం పట్టేదో ఏ దస్తావేజూ చెప్పదు. శిస్తు కట్టే భూమికి లెక్కలున్నాయి, నీరటికాడి మేరకు లెక్కలున్నాయి, మోటకు ఎన్ని ఎద్దులో లెక్కలున్నాయి. తిరగలి పిడి పట్టిన చేతికి లెక్క లేదు, ఎందుకంటే దానికి కూలి లేదు. ఆ శ్రమ మిగిల్చిన ఆనవాళ్లు పాటల్లో ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు మొదలుపెట్టిన జానపద గేయాల పరిశోధన నుంచి, తర్వాత వచ్చిన సేకరణల దాకా విసురు పాటలు, దంపుడు పాటలు ఒక పెద్ద తరగతిగా నిలిచాయి. సరదాకు పాడుకున్న పాటలు అవి అనుకోవడం పొరపాటు. రాయి తిరిగే లయకు సరిపోయేలా, ఊపిరి నిలిచేలా, విసుగు తెలియకుండా ఇంత పొడవు పాటలు కావలసి వచ్చాయంటే, పని కూడా అంత పొడవుగా ఉండేదన్నమాట. పద్దు రాయని చోట పాటే పద్దు.

ఇప్పుడు పన్‌చక్కీ ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. అక్కడ రెండు ధరలూ తలకిందులయ్యాయి. కొండ ఊట నీటిని దర్గాకు తెచ్చింది తాగడానికి, వజూ చేసుకోవడానికి, హౌజు నింపడానికి, తోటకు. మర ఉన్నా లేకున్నా ఆ నీరు రావలసిందే. వచ్చేటప్పుడు దానిలో మిగిలిపోయిన ఎత్తు ఉంది, దాని మీద ఏ పొలానికీ హక్కు లేదు. అది ఊరికే దొరికిన ఎత్తు. రెండో వైపు, రోజూ వందల నోళ్లకు రొట్టెలు కావాలి. ఇంటి ఆడవాళ్లు లేని చోట అంత పిండి విసరాలంటే మనుషులను పెట్టుకోవాలి, వాళ్లకు తిండో జీతమో ఇవ్వాలి. చేతికి ధర వచ్చిన మరుక్షణం చక్రం లాభసాటి అయింది. అంటే ఒకే రాజ్యంలో, ఒకే విద్య అందుబాటులో ఉండగా, దర్గాకు మర వచ్చింది, పక్క వాడలోని ఇంటికి రాలేదు. తేడా తెలివిలో లేదు, జీతంలో ఉంది.

ఈ వాదానికి గట్టి అభ్యంతరం హిమాలయాల నుంచి వస్తుంది. ఉత్తరాఖండ్, హిమాచల్, నేపాల్ కొండల్లో ఘరాట్ అనే చిన్న నీటి మరలు పల్లెపల్లెనా ఉండేవి, కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. అవీ పడుకున్న చక్రాలే, పన్‌చక్కీకి దగ్గరి చుట్టాలే. అక్కడి ఆడవాళ్ల పనికీ జీతం లేదు. మరి అక్కడ ఎలా వచ్చాయి? ఈ అభ్యంతరాన్ని ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే వాదం ఇంకా తేటపడుతుంది. కొండవాలులో ఏరు నిటారుగా దిగుతుంది, ఏడాదంతా పారుతుంది, మర దింపేసిన ఎత్తు కోసం ఏడ్చే పొలం తక్కువ. ఎత్తు ధర సున్నాకు దగ్గరైతే, చేతికి ధర లేకున్నా చక్రం వస్తుంది. ఎత్తుకు ధర ఉన్న చోట మాత్రం చేతికి ధర కట్టేవాళ్లుంటేనే వస్తుంది. రెండు ధరల్లో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు ఇవ్వదు, పోటీయే తీర్పు ఇస్తుంది. దక్కనులో నీటి కొరత ఒక్కటే కారణమని కొట్టిపారేస్తే సగం నిజమే చెప్పినట్టు. కొరత ఉన్న నీటిని ఎవరి పనికి వాడాలో తేల్చేటప్పుడు, తిరగలి దగ్గర కూర్చున్న మనిషి ఆ పంచాయితీలో లేదన్నది మిగతా సగం.

ఐరోపా చరిత్ర కూడా ఇదే చెబుతుంది, అక్కడి మరలను చూసి మురిసిపోయే ముందు తెలుసుకోవలసినదీ ఉంది. రెండు వేల ఏళ్ల కిందట ఆంటిపేటర్ అనే గ్రీకు కవి, నీటి చక్రం వచ్చాక తిరగలి తిప్పే పడుచుల చేతులకు విశ్రాంతి దొరికిందని ఒక చిన్న కవిత రాశాడు. కానీ రోమన్ కాలంలో చక్రం తెలిసీ అంతటా పాకలేదు. ఫ్రాన్సు దక్షిణాన బార్బెగాల్ దగ్గర కాలువ కట్టి నీరు తెచ్చి, వాలు మీద పదహారు చక్రాలు వరుసగా తిప్పిన పెద్ద మరల సముదాయం మాత్రం ఉంది. పన్‌చక్కీలాగే అక్కడా నీటిని వెంట తెచ్చుకుని ఎత్తును వాడుకున్నారు. బానిసల చేతులు చవకగా ఉన్నంత కాలం చక్రం నిదానంగానే వ్యాపించిందని ఫ్రెంచి చరిత్రకారుడు మార్క్ బ్లాక్ 1935లో వాదించాడు. తర్వాతి పరిశోధకులు ఆ వాదాన్ని అన్ని వైపులా సవరించారు, రోమన్ మరలు ఆయన అనుకున్నంత అరుదు కావన్నారు. అయినా ఆయన ఎత్తి చూపిన రెండో సంగతి చెక్కు చెదరలేదు: మర వచ్చినంత మాత్రాన చేతికి విముక్తి రాదు. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి 14వ శతాబ్దంలో ఊరివాళ్ల తిరగళ్లు గుంజుకుని, మఠంలో నేలకు పరిపించాడు, అందరూ మఠం మరలోనే పిండి ఆడించుకుని సుంకం కట్టాలని. 1381 రైతుల తిరుగుబాటులో జనం ఆ రాళ్లను పెకలించి పంచుకున్నారు. అక్కడ తిరగలే స్వేచ్ఛకు గుర్తయింది. కాబట్టి చక్రం మంచిది, తిరగలి చెడ్డది అని తేల్చడం నా ఉద్దేశం కాదు. శ్రమకు లెక్క ఎవరు రాస్తున్నారు, ఆ లెక్క ఎవరి జేబులోకి పోతోంది అన్నదే అసలు ప్రశ్న. ఈ మధ్య తిరగలి పిండి రుచే వేరని చెప్పి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. రుచి నిజమే కావచ్చు. ఆ రుచిని మెచ్చుకున్నది మాత్రం ఎప్పుడూ తిన్నవాళ్లే.

పన్‌చక్కీ ఆగిపోయిందని అనుకుంటాం గానీ, దాని చక్రం నిజానికి పెద్దదై శ్రీశైలం చేరింది. నీటి ఎత్తును తిరగడంగా మార్చడమే జలవిద్యుత్తు కూడా. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలంలో టర్బైను తిప్పేది అదే పల్లానికి దూకే నీరు. శ్రీశైలం కుడిగట్టున 770 మెగావాట్లు, ఎడమగట్టున భూగర్భంలో 900 మెగావాట్ల కేంద్రాలున్నాయి. చక్రంతో పాటు పాత తగాదా కూడా అక్కడికి చేరింది. 2021లో తెలంగాణ శ్రీశైలం నీటితో పూర్తి స్థాయిలో కరెంటు తీస్తే, జలాశయం మట్టం తగ్గి పోతిరెడ్డిపాడు కాలువకు నీరందదని ఆంధ్రప్రదేశ్ అభ్యంతరం చెప్పింది, వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎవరిది న్యాయమో ఇక్కడ తేల్చలేం. తగాదా స్వరూపం మాత్రం చెరువు తూము దగ్గరిదే. నీరు ఎటూ కిందికి పోయేదే, తగువు దాని మట్టం గురించి. చక్రానికి దించాలా, చేనుకు నిలపాలా అని. నాగార్జునసాగర్‌లో కొన్ని టర్బైన్లను వెనక్కి తిప్పి కింది నీటిని మళ్లీ పైకి ఎక్కించే ఏర్పాటు కూడా చేశారు. మోట తోలిన రైతుకు ఆ పని అర్థం చెప్పనక్కర్లేదు.

సనత్‌నగర్ గిర్నీకి వచ్చే కరెంటంతా నీటిదని చెప్పలేం, అందులో ఎక్కువ పాలు బొగ్గుదే. ఇక్కడ బొగ్గు కరెంటు పాతదే. 1920లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కట్టిన థర్మల్ కేంద్రానికి ఆ చెరువు యంత్రాలను చల్లబరచడానికి పనికొచ్చింది గానీ చక్రం తిప్పడానికి కాదు. కానీ ఈ వాదానికి కరెంటు ఎక్కడిదన్నది ముఖ్యం కాదు, దానికి మీటరు ఉండడం ముఖ్యం. పది హార్స్‌పవర్ మోటారు ఏడున్నర కిలోవాట్లు, అంటే వంద మంది మనుషుల బలం. ఒక్క యూనిట్ కరెంటు చేసే పని చేయాలంటే మనిషి పదమూడు గంటలకు పైగా ఆగకుండా విసరాలి. ఆ యూనిట్‌కు గిర్నీవాడు బిల్లు కడతాడు, కిలోకింత అని మన దగ్గర వసూలు చేస్తాడు, ధర పెరిగితే మనం గొణుగుతాం. శతాబ్దాల పాటు ఎవరూ గొణగని పని అది, ఎందుకంటే ఎవరూ దానికి ఏమీ కట్టలేదు. దక్కనులో నీటి మరలు ఎందుకు లేవో తెలుసుకోవాలంటే నదుల కంటే ముందు ఆ కట్టని బిల్లును చదవాలి.